కవులు పూజ్యం

"పూజ్యం" అనే మాట ఉంది చూడండి, అది భలే తమాషా అయిన మాట. పెద్దవాళ్ళకి ఉత్తరం రాసేటప్పుడు "పూజ్యులైన నాన్నగారికి" అని మొదలుపెట్టేవాళ్ళం. అదే మాటని పాతకాలపు లెక్కల పంతుళ్ళు సున్నకి వాడేవాళ్ళు. మా అత్తగారు నెలాఖరున డబ్బాలన్నీ మూతలు తీసి చూసి, "కందిపప్పు పూజ్యం, చక్కెర పూజ్యం" అంటూంటే ఆ రెండు అర్థాలూ ఒక్కటేనేమో అని నాకు అనుమానం వచ్చేది. లేనిదానికి దండం పెట్టక ఏం చేస్తాం చెప్పండి!

ఈ మాట పుణ్యమా అని 1934లో ఓ పెద్ద కవితా సంచిక పుట్టింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అని ముడుంబ వేంకట రాఘవాచార్యులు గారు ఓ వ్యాసంలో అన్నారు. ఆయన అన్నది సున్న అనే అర్థంలోనే లెండి. ఆ మాట చాలామందికి గుచ్చుకుంది. గుచ్చుకున్నవాళ్ళలో గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గారొకరు. మనలాంటివాళ్ళమైతే నాలుగు ఘాటైన వాక్యాలు రాసేసి చేతులు దులుపుకుంటాం. ఆయన అలా చెయ్యలేదు. "కవులున్నారో లేరో లెక్కపెట్టి చూపిస్తాను" అన్నట్టుగా పనిలోకి దిగారు. పత్రిక ద్వారా పిలుపు పంపారు. ఏ ఊళ్ళో ఏ కవి ఉన్నా పద్యాలూ, తన వివరాలూ పంపమన్నారు. వచ్చినవన్నీ చేర్చి, కూర్చి, అచ్చువేసి చూస్తే లెక్క 354 మంది కవులకి తేలింది. అదే గోలకొండ కవుల సంచిక.

ప్రతాపరెడ్డి గారిని తెలంగాణ వాళ్ళు తమవాడని చెప్పుకుంటారు. న్యాయమే. కానీ మా కర్నూలు వాళ్ళకీ ఆయన మీద కాస్త హక్కుంది సుమా! 1896లో ఆయన పుట్టిన బోరవెల్లి, సొంతవూరు ఇటిక్యాలపాడు రెండూ అలంపురం వైపువి. కర్నూల్లో తుంగభద్ర ఒడ్డున నిలబడితే అవతల కనిపించేదే ఆ సీమ. చిన్నప్పుడే నది దాటి వచ్చి కర్నూల్లో చదువుకున్నారు. ఇక్కడే వెల్లాల శంకరశాస్త్రి గారి దగ్గర సంస్కృత కావ్యాలు చదివారు. తరవాత మద్రాసులో బి.ఏ. చదివారు, బి.ఎల్. కూడా చేశారు. వకీలై హాయిగా బతకొచ్చు. ఆ పని వదిలి 1926లో హైదరాబాదులో వారానికి రెండుసార్లు వచ్చే తెలుగు పత్రిక మొదలుపెట్టారు. అప్పుడక్కడ రాజభాష ఉర్దూ. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలని 1921లోనే ఉత్తర్వు ఉంది, గస్తీ నిషాన్ 53 అని. అలాంటిచోట తెలుగు పత్రిక పెట్టడమంటే ఎండాకాలం మా హంద్రీలో తెప్ప వెయ్యడం లాంటిది.

రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి గారి వంటి పెద్దల అండ ఉన్నా, పత్రికలో చాకిరీ మాత్రం ఆయనదే. రాసేదీ ఆయనే, దిద్దేదీ ఆయనే, ప్రూఫులు చూసేదీ ఆయనే. రాసేవాళ్ళు చాలకపోతే మారుపేర్లతో ఆయనే రాసేవారు. అందులో "భావకవి రామమూర్తి" అని ఒక పేరు! ఆ పేరు విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పత్రికలో కవులు తక్కువైతే సంపాదకుడే ఒక కవిని కనేశాడన్నమాట.

ఇంతకీ, ఆ 354 మందిలో గొప్ప కవులెందరని మీరడగొచ్చు. అడగకండి. సంచికలో మంచి పద్యాలున్నాయి, మామూలు పద్యాలున్నాయి, దేవుణ్ణి పొగిడి ఊరుకున్నవీ ఉన్నాయి. కవయిత్రులూ ఉన్నారు. నన్నడిగితే వాటిని ఏరి నలభైమందిని నిలబెట్టి ఉంటే పుస్తకం చిక్కగా వచ్చేది, జవాబు మాత్రం పలచనైపోయేది. "కవులు లేరు" అన్నవాడికి "నలభైమంది ఉన్నారు" అని చెబితే, "అంతేనా?" అంటాడు. 354 అంటే ఇక మాట్లాడ్డు. అందరినీ పిలిచి కూర్చోబెట్టడం ఒక రకం సంపాదకత్వం. మా పెళ్ళిళ్ళల్లో బంతి భోజనాల లాంటిది. వచ్చినవాడు ఏ పాటి చుట్టమో అని విస్తరి ముందు నిలబెట్టి అడగరు కదా!

ఇదంతా నేనెందుకు తవ్వుతున్నానంటే, నేను కోడుమూరుకి కోడలిగా వచ్చిన కొత్తలో, బి.ఏ. చదివిన పిల్ల అని తెలిసి, మా వీధి చివరి తెలుగు సారు ఓరోజు మా ఇంటికొచ్చి మా మామగారిని అడిగారు: "మీ కోడల్ని ప్రూఫులు చూసేదానికి పంపిస్తారా?" ప్రూఫులంటే ఏమిటో మా మామగారికి తెలీదు. ఏదో పరీక్షల పని అనుకుని సరేనన్నారు. అలా నేను పదహారు పేజీల ఒక కవితా పత్రికలో జీతంలేని ఉద్యోగినయ్యాను. సారు దాన్ని నాలుగేళ్ళు నడిపారు. పధ్నాలుగు సంచికలొచ్చాయి. నేను నవలలు రాయడం మొదలుపెట్టింది ఆ తరవాతే. ఆ పత్రిక పేరు చెప్పినా మీకు తెలీదు కాబట్టి చెప్పను.

మామూలు పత్రిక తేవడం వేరు, కవితల పత్రిక తేవడం వేరు. ఈ సంగతి నాకు మూడో సంచికలో బోధపడింది. అప్పటికి అచ్చుయంత్రాల్లో సీసం అక్షరాలు పేర్చే రోజులు పోయాయి. కంప్యూటరు మీద టైపు చేసి, ఆఫ్‌సెట్లో వేస్తున్నారు. కర్నూలునుంచి ప్రూఫులొచ్చాయి. చూస్తే ఒక వచన కవితలో పాదాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, కరువు మీద సర్కారుకి పెట్టుకున్న అర్జీలాగా ఉంది. ఫోను చేసి అడిగితే టైపు చేసే పిల్లవాడు ఎంతో మర్యాదగా, "సగం సగం లైన్లు ఊరికే ఖాళీ పోతాండాయి సార్, కాగితం దండగని కలిపేసినా" అన్నాడు. పాపం, మన మంచి కోరే చేశాడు!

సారు నవ్వి, "చూస్తివామ్మా, పద్యమైతే ఈ బాధ లేదు. తప్పు జరిగితే పద్యం తానే కేకేస్తుంది" అన్నారు. నిజమే. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలుండాలి, పదో అక్షరం దగ్గర యతి కుదరాలి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు కావాలి. చంపకమాలలో ఇరవైయొక్క అక్షరాలు, పదకొండో దాని దగ్గర యతి. ఎక్కడ ఒక అక్షరం ఎగిరిపోయినా నడక కుంటుతుంది. ప్రూఫులు చూసే మనిషికి కవి ఎవరో, ఊరేదో తెలియక్కర్లేదు, చెవి ఉంటే చాలు. వచన కవితలో అలా కాదు. ఒక మాట ఎగిరిపోయినా, పాదం తప్పుచోట విరిగినా, అది కవి చేసిన పనో అచ్చులో జరిగిందో కవే చెప్పాలి. 1934లో ప్రతాపరెడ్డి గారికి వచ్చినవి పద్యాలు. ఆ ఒక్క సుఖం మాత్రం ఆయనకుంది. మిగతా సుఖాల సంగతి చెప్పక్కర్లేదు. తెలుగు అక్షరానికి తలకట్టూ, గుడీ, కొమ్మూ, కింద ఒత్తూ. ఒక్కో ముక్కా గళ్ళపెట్టెలోంచి చేత్తో ఏరి, తలకిందులుగా పేర్చాలి. అలా 354 మంది కవుల్ని పేర్చిన కంపోజిటర్ల పేర్లు ఎవరికీ తెలీవు.

ఇక డబ్బు. కవితా పత్రికకీ డబ్బుకీ అత్తాకోడళ్ళ వరస. మనకన్నా ముందు నెల్లూరులో పూండ్ల రామకృష్ణయ్య గారని ఒకాయన "అముద్రిత గ్రంథ చింతామణి" అనే మాసపత్రిక నడిపారు. తాళపత్రాల్లో పడివున్న, అచ్చు మొహం చూడని పాత కావ్యాల్ని నెలనెలా కొంచెం కొంచెంగా అచ్చువేసేవారు. 1885లో మొదలైంది, 1904లో ఆయన పోయేదాకా సాగింది. ఆయన పోయాడు, పత్రికా పోయింది. చిన్న పత్రికల జాతకమే అంత. చూడబోతే అవి పత్రికలు కావు, ఒక్కో మనిషి ఆయుర్దాయం.

ఈ జాతకాన్ని తప్పించిన మహాతల్లి ఒకావిడ ఉంది. మన దేశం కాదు, అమెరికా. పేరు హారియట్ మన్రో, ఊరు షికాగో. 1912లో "పొయెట్రీ" అని ఒక చిన్న నెలపత్రిక పెట్టింది. అప్పటికి ఆవిడకి 51 ఏళ్ళు. మనలో చాలామందిమి ఆ వయసుకి మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఆవిడ ఏం చేసిందంటే, ఊళ్ళో ఉన్న డబ్బున్న వ్యాపారస్తుల ఆఫీసులకి నడిచి వెళ్ళి ఒక్కొక్కరినీ అడిగింది. ఏడాదికి యాభై డాలర్లు, ఐదేళ్ళపాటు ఇస్తానని రాసిమ్మంది. అలా వందమంది దాకా సంతకాలు పెట్టించింది. ఇది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఒక్క జమీందారు దగ్గర ఐదువేలు తీసుకుంటే ఆయన పుట్టినరోజుకి పద్యాలు వెయ్యాలి. వందమంది దగ్గర యాభై యాభై తీసుకుంటే ఎవరికీ అంత అధికారం ఉండదు. మనం చీటీలు నడపడంలో చూపించే తెలివే ఇది. ఆ డబ్బుతో కవులకి పారితోషికం కూడా ఇచ్చింది. కవికి డబ్బివ్వడమా అని ముక్కున వేలేసుకోకండి!

1912 డిసెంబరు సంచికలోనే ఆవిడ మన రవీంద్రుడి గీతాలు వేసింది. నోబెల్ బహుమతి వచ్చింది 1913లో కదా, దానికి ముందు సంవత్సరమే అన్నమాట. టి.ఎస్. ఎలియట్ అనే కుర్రాడి కవిత మాత్రం ఆవిడకి ఒక పట్టాన మింగుడుపడలేదు. ఎజ్రా పౌండ్ పట్టుబట్టి పంపితే కొన్ని నెలలు పక్కన పెట్టి, చివరికి 1915 జూన్‌లో సంచిక వెనకవైపు ఎక్కడో వేసింది. ఆ కవితే ఇంగ్లీషు కవిత్వానికి కొత్త దారి చూపించిందని ఇప్పుడు అందరూ అంటారు. నచ్చకపోయినా వేసింది చూశారా, అక్కడే ఉంది ఆవిడ గొప్పతనం. నచ్చినవి వెయ్యడానికి సంపాదకులెందుకు?

మా సారుకి వందమంది షాహుకార్లు ఎక్కడ దొరుకుతారు? కోడుమూరులో ఉన్నది మగ్గాలు. గద్వాల మాదిరి జరీ చీరలు నేసేవాళ్ళు. తర్వాత వ్యవసాయం, వానొస్తే. చందా ఏడాదికి ముప్ఫై రూపాయలు. చందాదారులు నూట డెబ్భై మంది, వాళ్ళల్లో నిజంగా డబ్బు కట్టినవాళ్ళు సగానికి తక్కువ. మిగతావాళ్ళు "సారు మనవాడే" అనే అభిమానంతో కట్టలేదు. ఢిల్లీలో పత్రిక పేరు నమోదు చేయించుకుని, తపాలా వాళ్ళ అనుమతి తెచ్చుకుంటే అప్పట్లో కాపీకి పావలాతో పోయేది. ఆ నమోదు లేకపోతే దానికి ఎన్నో రెట్లు స్టాంపులు అంటించాలి. సారు వరసగా పేర్లు రాసి పంపడం, అవన్నీ ఇదివరకే ఎవరికో ఇచ్చేశామని జవాబు రావడం! 1867లో తెల్లవాళ్ళు చేసిన చట్టం ప్రకారం సాగే తంతు అది. 2023లో కొత్త చట్టం వచ్చేదాకా పత్రికల నమోదుకి అదే దిక్కు. తెలుగులో మంచి మాటలన్నీ అప్పటికే పత్రికలకి పేర్లైపోయాయని సారు బాధపడేవారు.

కానీ డబ్బు కష్టం కంటే పెద్ద కష్టం ఇంకొకటుంది. బాగాలేదని చెప్పడం.

ఈ పనిలో మా సీమలో ఒక పులి ఉండేవాడు. రాచమల్లు రామచంద్రారెడ్డి గారు, అందరికీ రా.రా. కడప జిల్లా పైడిపాలెం వాడు. కథలు రాశాడు, "సవ్యసాచి" అనే పత్రిక నడిపాడు. 1968లో "సంవేదన" అని మూడునెలలకోసారి వచ్చే పత్రిక పెట్టాడు. అది కేవలం కవిత్వానికే కాదు, సాహిత్యమంతటికీ. కానీ అందులో కవులకి జరిగినంత సన్మానం వేరే ఎవరికీ జరగలేదు. అప్పుడు ఊరంతా గగ్గోలెత్తిస్తున్న దిగంబర కవుల్ని కూడా ఆయన వదల్లేదు. ఒక పద్యంలో ఒక విశేషణం ఎందుకుందో చెప్పమని నిలదీసేవాడు. అందమైన మాటల వెనక అనుభూతి ఉందా లేదా అని గోరుతో గీకి చూసేవాడు. వచ్చినవి ఏడే సంచికలు. 1969తో ఆగిపోయింది. 1970లో ఆయన మాస్కో వెళ్ళి ప్రగతి ప్రచురణాలయంలో ఐదేళ్ళు అనువాదాలు చేశాడు. ఆ ఏడు సంచికల్నీ సాహిత్యం వాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. ప్రతాపరెడ్డి గారిది తలుపు తీసిన చెయ్యి, రా.రా.ది గడప దగ్గర కాపలా. ఎవరు గొప్ప అంటే నేను తీర్పు చెప్పను గానీ, నా మొదటి కవితలు రా.రా. కంట పడనందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

మా సారు పద్ధతి వేరు. తిప్పి పంపే ప్రతి కవితకీ పోస్టుకార్డు రాసేవారు. "మూడో పాదం బాగుంది, తక్కినవి దాని పక్కన నిలబడలేకున్నాయి" అని. ఇన్ని కార్డులు దండగని నేను గొణిగేదాన్ని.

దండగ కాదని చెప్పే కథొకటి అదే షికాగో పత్రికలో జరిగింది. 1970లలో ఒకావిడ ఆ పత్రికకి కవితలు పంపేది. పంపినవన్నీ తిరిగొచ్చేవి. కాకపోతే పత్రికవాళ్ళు అచ్చు కాగితం పారెయ్యకుండా స్వయంగా చేత్తో నాలుగు మంచిమాటలు రాసి తిప్పి పంపేవారట. ఆవిడ పేరు రూత్ లిల్లీ, పెద్ద మందుల కంపెనీ కుటుంబం. 2002లో ఆవిడ ఆ పత్రికకి రాసిచ్చిన ఆస్తి సుమారు పదికోట్ల డాలర్లు! ఒక్క కవితా అచ్చెయ్యని పత్రికకి! మా సారుకి ఈ సంగతి చెప్తే కాసేపు ఆలోచించి, "మన కార్డులు అందుకున్నోళ్ళల్లో మందుల కంపెనీ వాళ్ళు ఎవరూ లేరు కదమ్మా?" అన్నారు.

ఈ కథలో నన్ను పట్టుకున్నది డబ్బు కాదు. రూత్ లిల్లీ ఆ కవితలు తన పేరుతో పంపలేదు. "మిసెస్ గర్న్సీ వాన్ రైపర్ జూనియర్" అని భర్త పేరుతో పంపింది. అంత ఐశ్వర్యం ఉన్న ఇంట్లో ఆడదానికి కూడా కవిత కింద తన పేరు పెట్టుకోవడానికి మొహమాటం!

మన పత్రికల చరిత్రలో ఆడవాళ్ళ పేర్ల సంగతే ఒక పుస్తకమవుతుంది. 1902లో మొదలైన "హిందూసుందరి"ని పెట్టింది సత్తిరాజు సీతారామయ్య గారు, తరవాత సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ గారి వంటి స్త్రీల చేతికొచ్చింది. మా కర్నూలు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన రాతకి 1908లో జైలుకి పోయిన సంపాదకుడని అందరికీ తెలుసు. ఆయన భార్య రమాబాయి గారు "సౌందర్యవల్లి" అనే స్త్రీల పత్రికకి సంపాదకురాలని ఎంతమందికి తెలుసు? వరంగల్లులో 1966లో మొదలైన "సృజన" కూడా అంతే. వరవరరావు గారు జైలుకి వెళ్ళాక సంపాదకురాలిగా ఆయన భార్య హేమలత గారి పేరు వచ్చింది. మీరు ఆ రాజకీయాలతో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా, ఒక్కటి గమనించండి. చట్టం ముందు పత్రికకి జవాబు చెప్పుకోవలసింది అందులో అచ్చైన పేరే. పేరు వెయ్యడమంటే ఊరికే అలంకారం కాదు.

మాకు ఒకసారి నేతపని చేసే వీధినుంచి ఒక కవిత వచ్చింది. నోటుపుస్తకం కాగితం మీద, పెన్సిలుతో. కండెలు చుట్టే ఆడమనిషి రాత్రి కరెంటు పోయాక కూడా చేతి కదలిక ఆగక, నిద్రలో వేళ్ళు తిప్పుతుందని. అంతే, ఎనిమిది పాదాలు. మా పధ్నాలుగు సంచికల్లోకీ నాకిష్టమైన కవిత అదే. కింద పేరు లేదు. వాకబు చేసి వెళ్ళాను. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, చంకలో పిల్ల. "పేరు ఏయద్దక్కా. చీరకి ఎవరి పేరు ఏస్తారు? దానికీ అంతే" అంది. నాకు నోట మాట రాలేదు. అదీ నిజమే కదా! ఆరుగజాల చీర మీద జరీ ఉంటుంది, అంచు ఉంటుంది, కొన్న దుకాణం పేరున్న చీటీ ఉంటుంది. నేసినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు.

"సోదరి" అని పెట్టి వేద్దామన్నాను సారుతో. ఆయన ఒప్పుకోలేదు. "ఆ పిల్ల వద్దంటే వేసేదే వద్దు. పేరు లేకుండా వేస్తే రేపు ఎవరైనా ఇక్కడ కవులే లేరంటే ఏం చూపిస్తాం?" అన్నారు. ప్రతాపరెడ్డి గారు ప్రతి కవికీ పేరూ ఊరూ అడిగి తెప్పించుకున్నది ఇందుకే కాబోలు. ఆ సంచికే లేకపోతే వాళ్ళల్లో చాలామంది ఉన్నారనే మనకి తెలిసేది కాదు. సారు ఆ కాగితాన్ని బీరువాలో దాచారు. రెండు సంచికలు దాని కోసం ఒక పేజీ ఖాళీగా ఉంచి, చివరి నిమిషంలో వేరే కవిత పెట్టారు. నేను నెలకోసారి ఆ వీధికి పోయి టీ తాగి వచ్చేదాన్ని, ఆ సంగతి ఎత్తేదాన్ని కాదు.

పదకొండో సంచిక పేజీలు కడుతుండగా ఆ పిల్లే మా ఇంటికి వచ్చింది. వెనకాల భర్త. కొట్లాటకొచ్చారేమోనని మా అత్తగారు చీపురు పక్కనపెట్టి లేచి నిలబడ్డారు. అతను గడప బయటే నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "ఇంటిపేరు కూడా ఏస్తారా మేడం?" అని అడిగాడు. వేస్తామన్నాను. ఆ అమ్మాయి అప్పుడు తలెత్తి, "ఐదు పుస్తకాలు కావాలక్కా, ఎంతయితాది?" అంది. సారు లెక్కల పుస్తకంలో డబ్బిచ్చి కొనుక్కున్న విడి కాపీలు అని ఒక గడి ఉండేది. అందులో పది సంచికలుగా ఉన్నది పూజ్యం. ఆ రోజు అక్కడ ఐదు అని రాశారు.